సోదా వారెంటు: తలుపు ఎవరి కోసం తెరుస్తున్నట్టు?

(యూసుఫ్‌గూడలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్, కాస్త ఎగువన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇక్కడికి తరలివచ్చిన దగ్గర్నుంచీ ఈ సందుల్లో జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, కుట్టుపనివాళ్ళు, మేకప్ సహాయకులు బతుకుతున్నారు. అందుకని సినిమా డైలాగుతోనే మొదలుపెడతాను. పోలీసులు గుమ్మంలోకి వస్తారు. హీరోనో, విలనో చెయ్యి అడ్డంపెట్టి "సెర్చ్ వారెంట్ ఉందా?" అంటాడు. ఎస్.ఐ. ముఖం చిన్నబుచ్చుకుని వెనక్కి తిరుగుతాడు. ఈ దృశ్యం మనం ఎన్నిసార్లు చూశామో!

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ ప్రశ్న అడిగేది ఎప్పుడూ బంగళాలో ఉండే మగవాడు. బస్తీలో రేకుల గదిలో అద్దెకుండే ఆడమనిషి ఆ మాట అడగడం తెర మీద చూసిన గుర్తు నాకు లేదు. రెండోది, చట్టం ప్రకారం ఆ ఎస్.ఐ. వెనక్కి తిరగనక్కరలేదు. చాలా సందర్భాల్లో వారెంటు లేకుండానే సోదా చేసే అధికారం పోలీసులకు ఉంది.

నేను లాయర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. చట్టంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, ఆ చట్టాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కేది ఎవరు, ఆ చట్టం పేరుతో కోర్టుకి తీసుకురాబడేది ఎవరు అన్నదీ అంతే ముఖ్యమని నా అభిప్రాయం. సోదా వారెంటుని ఈ దృష్టితో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. స్త్రీల విషయంలో వారెంటు తరచుగా వస్తువు కోసం కాదు, మనిషి కోసమే పుడుతుంది. ఆ మనిషి స్త్రీయే. ఇవాళ నేను ప్రధానంగా మాట్లాడదలచుకున్నది దాని గురించి.

ముందు నియమాలు

1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. మనలో చాలామందికి పాత నంబర్లే నోటికి అలవాటు కాబట్టి రెండూ చెబుతాను.

కోర్టు సోదా వారెంటు ఇవ్వడానికి మూల సెక్షను పాత 93, కొత్త 96. మూడు సందర్భాల్లో ఇవ్వవచ్చు. ఒక కాగితమో వస్తువో తెమ్మని సమను పంపినా ఆ మనిషి తేడని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు. ఆ వస్తువు ఎవరి దగ్గర ఉందో కోర్టుకి తెలియనప్పుడు. విచారణకు సాధారణ సోదా ఉపయోగపడుతుందని కోర్టు భావించినప్పుడు. వారెంటు రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, కోర్టు ముద్ర ఉండాలి. ఏ చోటు వెతకాలో, ఎంతవరకు వెతకాలో కోర్టు హద్దు గీయవచ్చు.

వారెంటు లేకుండా సోదా చేసే అధికారం పాత 165, కొత్త 185 కింద పోలీసులకు ఉంది. దానికీ షరతులున్నాయి. ఒక నేరం మీద దర్యాప్తు జరుగుతూ ఉండాలి. కావలసిన వస్తువు అక్కడ దొరుకుతుందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. వేరే దారిలో తెచ్చుకోబోతే మితిమీరిన ఆలస్యం అవుతుందని అధికారి అనుకోవాలి. ఈ కారణాలనూ, వెతుకుతున్న వస్తువునూ ముందుగా కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం నకలు మేజిస్ట్రేటుకి పంపాలి. పాత చట్టం "వెంటనే" అని ఊరుకుంది, కొత్త చట్టం 48 గంటలు దాటకూడదంది. ఇంటివాళ్ళు దరఖాస్తు పెడితే మేజిస్ట్రేటు ఆ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఈ చివరి వాక్యం చట్టంలో ఉందని మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు?

"నమ్మడానికి కారణం" అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం భవనం నిలబడింది దాని మీదే. ఇది మన హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక కేసులో తేలింది. స్టాంపుల చట్టం 73వ సెక్షనుని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించింది. దాని ప్రకారం కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్ళు ఎక్కడికైనా ప్రవేశించి దస్తావేజులు చూడవచ్చు, తీసుకుపోవచ్చు. ఏ కారణంతో వెళుతున్నారో రాయక్కరలేదు. బ్యాంకులు హైకోర్టుకి వెళ్ళాయి. హైకోర్టు ఆ సవరణ చెల్లదంది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కెనరా బ్యాంకు కేసుగా పేరుపడిన ఈ కేసులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. ఏకాంత హక్కు మనుషులది, స్థలాలది కాదు అన్న సూత్రాన్ని అక్కడ నొక్కి చెప్పింది. అంటే నా కాగితం బ్యాంకులో ఉన్నా, నేను అద్దె గదిలో ఉన్నా, హక్కు నా వెంటే నడుస్తుంది. సొంత ఇల్లు లేని ఆడవాళ్ళకి ఈ మాట ఎంత విలువైనదో ఆలోచించండి.

అంతకు ముందు 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది న్యాయమూర్తులు సోదాల విషయంలో మన రాజ్యాంగంలో ఏకాంత హక్కు లేదన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆ మాటను తోసిపుచ్చారు. హక్కు ఉందని ఇప్పుడు వాదించనక్కరలేదు. అది గుమ్మం దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

పరదాకి మర్యాద, మనిషికి?

సోదా నియమాల్లో స్త్రీ ఎక్కడుంది? వెతికితే రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. స్త్రీ ఒంటిని సోదా చేయవలసి వస్తే మరో స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా చేయాలి. బయటికి రాని ఆచారం ఉన్న స్త్రీ ఒక గదిలో ఉంటే, లోపలికి వెళ్ళేముందు ఆమెకు చెప్పి, పక్కకు తప్పుకునే వీలు కల్పించాలి. ఈ రెండో నియమం బ్రిటిషు కాలం నాటిది, కొత్త సంహితలోనూ అలాగే దిగింది. చట్టం ఇక్కడ గౌరవిస్తున్నది ఎవరిని? ఆచారాన్ని. ఇంటి పరువుని. కృష్ణానగర్‌లో ముగ్గురు కలిసి ఒక గది తీసుకుని రాత్రి షూటింగు నుంచి వచ్చి పడుకున్న అమ్మాయికి ఆ మర్యాద వర్తించదు. ఆమె పరదాలో లేదు కదా!

సోదాకి వచ్చిన అధికారి వస్తువులతో పాటు స్త్రీ నడవడినీ వెతుకుతాడు. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు వరవరరావు గారి ఇంటినీ, ఆయన కుమార్తెల ఇళ్ళనూ హైదరాబాదులో సోదా చేశారు. పెళ్ళయినా బొట్టూ నగలూ ఎందుకు పెట్టుకోలేదని తమను అడిగారని ఆ కుటుంబం పత్రికలకు చెప్పింది. ఆ కేసు మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ బొట్టుకీ దర్యాప్తుకీ సంబంధం ఏమిటి? ఏ వారెంటులో రాస్తారు దాన్ని?

వెతికేది ఆమె కోసమే అయినప్పుడు

ఇక అసలు విషయానికి వస్తాను. పాత 97వ సెక్షను, కొత్తది 100. ఎవరినైనా నేరమయ్యే పరిస్థితుల్లో నిర్బంధించారని నమ్మడానికి కారణం ఉంటే జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, మొదటి తరగతి మేజిస్ట్రేటు గానీ సోదా వారెంటు ఇవ్వవచ్చు. మనిషి దొరికితే వెంటనే మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. మేజిస్ట్రేటు ఆ పరిస్థితికి తగిన ఉత్తర్వు ఇస్తారు. 1898 కోడ్‌లో కూడా దీని నంబరు 100. నూట పాతికేళ్ళు తిరిగి అదే నంబరుకి వచ్చాం.

ఇది మంచి సెక్షను. అత్తవారింట్లో గదిలో పెట్టి తాళం వేసిన కోడలి కోసం, ఇటుక బట్టీలో అప్పు కింద నిలిపేసిన కుటుంబం కోసం, పని పేరుతో తెచ్చి బంధించిన పిల్ల కోసం దీన్ని వాడుకోవచ్చు. ఒక పిటిషను, ఒక ప్రమాణ పత్రం, అదే రోజు ఉత్తర్వు. హైకోర్టుకి వెళ్ళి హెబియస్ కార్పస్ వేసే స్తోమత లేనివాళ్ళకి ఇది అందుబాటులో ఉన్న తలుపు.

కానీ ఆ తలుపు తట్టేది ఎవరు? కొన్నేళ్ళ క్రితం ఒక కోర్టు ఆవరణలో నేను చూసిన సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకి దెబ్బలు భరించలేక బయటికి వచ్చి ఇక్కడ డాన్సు గ్రూపులో చేరింది. తోటి అమ్మాయిలతో గది తీసుకుంది. ఆమె అక్క, ఆ గ్రూపు నడిపే ఆవిడ కలిసి తన భార్యని అక్రమంగా నిర్బంధించారని భర్త వేరే జిల్లాలో పిటిషను వేశాడు. వారెంటు అదే రోజు వచ్చింది. తెల్లవారుజామున పోలీసులు వచ్చారు. గది తలుపుకి లోపలి నుంచి గడియ ఉంది, బయట తాళం లేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమెను జీపులో ఎక్కించి తీసుకుపోయారు. కోర్టులో అడిగిన ప్రశ్న ఒక్కటే: "భర్తతో వెళతావా, అమ్మానాన్నల దగ్గరికి వెళతావా?" ఆమె కాసేపు ఆగి, "నా గదికి వెళతానండి, సాయంత్రం షూటింగు ఉంది" అంది. కోర్టు హాలులో కొందరు నవ్వారు. మూడో జవాబు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. చివరికి ఆమె మాటే నెగ్గింది. కానీ ఆ రోజు కూలీ పోయింది, గ్రూపులో స్థానం పోయింది, గది యజమాని ఖాళీ చేయమన్నాడు. పోలీసులొచ్చిన గది కదా!

ఈ మొత్తంలో చట్టవిరుద్ధం ఎక్కడ? సెక్షనులో "నేరమయ్యే నిర్బంధం" అన్న మాట ఉంది. మేజర్ అయిన స్త్రీ తన ఇష్టంతో ఒకచోట ఉండటం నిర్బంధం కాదు. నిర్బంధం కాకపోతే నేరం లేదు. నేరం లేకపోతే వారెంటు లేదు. భార్య ఇంట్లో లేదన్న ఒక్క సంగతి "నమ్మడానికి కారణం" కాజాలదు.

సరిత తీర్పూ, దొడ్డిదారీ

భర్తలు ఈ దారి ఎందుకు పడుతున్నారో అర్థం కావాలంటే ఇంకో చట్టం వైపు చూడాలి. హిందూ వివాహ చట్టం 9వ సెక్షను కింద, విడిగా ఉంటున్న భార్య గానీ భర్త గానీ కాపురానికి రావాలని డిక్రీ కోరవచ్చు. సినీనటి సరిత మీద ఆమె భర్త వెంకటసుబ్బయ్య అలాంటి కేసే వేశాడు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇష్టం లేని కాపురానికి స్త్రీని పంపడమంటే ఆమె శరీరం మీద, గర్భం మీద నిర్ణయాన్ని రాజ్యం ఆమె చేతిలోంచి లాక్కోవడమేనని, అది ఏకాంత హక్కుకీ గౌరవానికీ భంగమని వివరించారు. ఆ మాట మన హైకోర్టులో పుట్టిందని మనం గర్వపడవచ్చు. మరుసటి ఏడాదే, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు 9వ సెక్షను చెల్లుతుందంది. సరిత తీర్పు నిలవలేదు.

అయితే 9వ సెక్షను కింద డిక్రీ తెచ్చుకున్న భర్త కూడా భార్యను పోలీసులతో ఇంటికి రప్పించుకోలేడు. 1887లో బొంబాయిలో రఖ్మాబాయిని కాపురానికి వెళ్ళకపోతే ఆరు నెలలు జైలన్నారు. 1923 సవరణతో ఆ జైలు శిక్ష పోయింది. ఇప్పుడు డిక్రీని అమలు చేయించుకోవాలంటే ఆస్తి జప్తు ఒక్కటే దారి. ఏళ్ళ తరబడి సివిలు కోర్టులో తిరిగినా చట్టం ఆమె ఒంటి మీద చెయ్యి వేయనివ్వదు. అదే భర్త క్రిమినల్ కోర్టుకి వెళ్ళి "నిర్బంధించారు" అని ఒక్క మాట రాసిస్తే సాయంత్రానికల్లా ఆమె కోర్టు ముందు నిలబడుతుంది. డిక్రీ చేయలేని పని వారెంటు చేస్తున్నది. ముందు తలుపు మూసి ఉంటే దొడ్డితలుపు తీసినట్టు. సోదా వారెంటు నియమాల గురించి మనం పట్టుదలగా ఉండవలసింది ఇందుకే.

తల్లిదండ్రుల కథా ఇదే. కులం కాని వాడినో, మతం కాని వాడినో చేసుకున్న కూతురి కోసం వేసే పిటిషన్లలో "మాయమాటలు చెప్పి", "మైకంలో" అన్న మాటలు కనిపిస్తాయి. మేజర్ స్త్రీకి నచ్చినవాడిని చేసుకునే హక్కు ఉందని 2006లో లతాసింగ్ కేసులోనూ, 2018లో హదియా కేసులోనూ సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. హదియా కేసులో హైకోర్టు వివాహాన్ని రద్దు చేసి ఆమెను తండ్రి ఇంటికి పంపింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మైనరు బాలికల విషయం వేరు. వాళ్ళకు రక్షణ చట్టాలున్నాయి, ఉండాలి. కానీ పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీని "పిల్ల" అనడంతోనే అసలు మోసం మొదలవుతుంది.

పాత 98వ సెక్షను (కొత్తది 101) చదవండి. అక్రమ ఉద్దేశంతో నిర్బంధించిన బాలికను తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించమంటుంది. అదే స్త్రీ అయితే, ఆమెను "ఆమె స్వేచ్ఛకు" తిరిగి అప్పగించాలి అంటుంది. భర్తకు కాదు, తండ్రికి కాదు, స్వేచ్ఛకు. ఆ మాటను కోర్టుల్లో మళ్ళీ మళ్ళీ గుర్తుచేయవలసిన బాధ్యత మనది.

మనం అడిగేటప్పుడు

మనం కూడా వారెంట్లు అడుగుతాం. అడగాలి. కానీ భర్త రాసినట్టు మనం రాయకూడదు. ఆమె బంధింపబడి ఉందని మనకెలా తెలిసిందో రాయాలి. తాళం ఎవరు చూశారు, ఫోను ఎప్పటి నుంచి మూగబోయింది, పక్కింటివాళ్ళు ఏం విన్నారు, ఆమె చివరిసారి ఎవరితో ఏమంది. ఏ ఇల్లు, ఏ గది అన్నది రాయాలి. దొరికిన తర్వాత ఆమెతో మేజిస్ట్రేటు ఒంటరిగా మాట్లాడాలని పిటిషనులోనే కోరాలి. గట్టి పిటిషను వేస్తే బలహీనమైన పిటిషన్లకు కొలబద్ద మనమే తయారు చేసినట్టు.

తల్లులకు ఒక హెచ్చరిక. తండ్రి దగ్గర ఉన్న బిడ్డను 97 కింద తెప్పించుకోవాలని చాలామంది ఆశపడతారు. తండ్రి దగ్గర బిడ్డ ఉండటం నేరమయ్యే నిర్బంధం కాదని 1998లో రమేశ్, లక్ష్మీబాయి కేసులో సుప్రీంకోర్టు అంది. బిడ్డ కోసం గృహహింస చట్టం, 2005లోని 21వ సెక్షను కింద తాత్కాలిక కస్టడీ అడగటం మేలు. స్త్రీధనం తిరిగి ఇప్పించమని అదే చట్టం 19వ సెక్షను కింద అడగవచ్చు. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులోనే తేలింది. నగలు దాచేస్తారన్న భయం ఉన్నప్పుడు, క్రిమినల్ కేసు నడుస్తుంటే, సోదా వారెంటు కోరే హక్కు మనకీ ఉంది. ఏ నగలు, ఎన్ని, పెళ్ళి ఫొటోలో ఎవరి మెడలో ఉన్నవి అని జాబితా జత చేయండి.

రెయిడ్లు, హోములు

మరొక రకం సోదా ఈ ప్రాంతం వాళ్ళకు బాగా తెలుసు. "వ్యభిచార గృహంపై దాడి" అని మర్నాడు పేపర్లో వస్తుంది. ఇమ్మోరల్ ట్రాఫిక్ నిరోధక చట్టం, 1956లోని 15వ సెక్షను వారెంటు లేకుండా ప్రవేశించే అధికారం ఇస్తుంది. అయితే అది ఏ పోలీసుకైనా కాదు, ప్రత్యేక పోలీసు అధికారికి గానీ, ట్రాఫికింగ్ పోలీసు అధికారికి గానీ మాత్రమే. వారెంటు కోసం ఆగితే ఆలస్యమవుతుందన్న కారణాన్ని ముందుగా రాయాలి. స్థానిక సాక్షులు ఇద్దరైనా ఉండాలి, వారిలో ఒకరైనా స్త్రీ కావాలి. ఇద్దరు మహిళా పోలీసు అధికారులు వెంట ఉండాలి. స్త్రీలను ప్రశ్నించేది మహిళా అధికారి కావాలి. లేకపోతే గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థకు చెందిన స్త్రీ ఎదుట ప్రశ్నించాలి. ఆ సంస్థలు మనవే. మనల్ని పిలిచారా అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ఆ తర్వాత 17వ సెక్షను కింద ఒకటి నుంచి మూడేళ్ళ వరకు రక్షణ గృహంలో ఉంచే ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ యూసుఫ్‌గూడలోనే స్టేట్ హోమ్ ఉంది. ఆ గోడ పక్క నుంచి మనం రోజూ నడుస్తాం. 2014లో బంజారాహిల్స్ హోటల్లో జరిగిన దాడి తర్వాత ఒక యువనటి పేరూ ఫొటో దేశమంతా వేశారు. ఆమె సుమారు రెండు నెలలు రెస్క్యూ హోములో ఉంది. అదే ఏడాది డిసెంబరులో సెషన్సు కోర్టు ఆమెపై ఆరోపణలను కొట్టివేసింది. పత్రికలు మొదటి పేజీలో వేసిన పేరుని చివరి పేజీలో కడిగినట్టయింది.

1978లో నల్లకుంటలో ఏం జరిగిందో ఈ నగరపు స్త్రీల ఉద్యమానికి వేరే చెప్పనక్కరలేదు. రాత్రి సినిమా చూసి వస్తున్న భార్యాభర్తల మీద "అనుమానం"తో మొదలై, అత్యాచారం, భర్త మరణం దాకా వెళ్ళింది. ఆ తర్వాత ఆమెకు వేశ్య అని ముద్ర వేయడానికి ప్రయత్నం జరిగింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అనుమానానికి కారణం రాయమని చట్టం అడిగేది ఇందుకే. రాయని అనుమానం ఎటైనా పోతుంది. 2022 మేలో బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు, రక్షణ గృహాల్లో ఇష్టానికి విరుద్ధంగా ఉన్న మేజర్ స్త్రీల కేసులను సమీక్షించాలని, దాడుల సమయంలో స్త్రీల గుర్తింపు మీడియాలో బయటపెట్టరాదని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ సమీక్ష ఎక్కడిదాకా వచ్చిందో అడగటానికి సమాచార హక్కు చట్టం ఉంది.

ఇల్లు ఒక్కటే కాదు, ఇప్పుడు ఫోను కూడా గుమ్మమే. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో గంజాయి కోసమంటూ పోలీసులు దారిన పోయేవాళ్ళ ఫోన్లు తీసుకుని చాట్లు చూసిన వీడియోలు వచ్చాయి. ఒక ఆడపిల్ల ఫోనులో ఏముందో చూసే అధికారం రోడ్డు మీద పుట్టదు. దానికీ కేసు, కారణం, కాగితం కావాలి.

గుమ్మం దగ్గర

1957లో అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో డాల్రీ మ్యాప్ అనే నల్లజాతి స్త్రీ ఇంటికి పోలీసులు వచ్చారు. వారెంటు చూపించమంది. ఒక కాగితం ఊపారు. ఆమె దాన్ని లాక్కుని రవికలో పెట్టుకుంది. వాళ్ళు పెనుగులాడి తిరిగి తీసుకున్నారు. కోర్టులో ఆ కాగితం ఎన్నడూ కనిపించలేదు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు, చట్టవిరుద్ధ సోదాలో దొరికినదాన్ని రాష్ట్రాల కోర్టుల్లోనూ సాక్ష్యంగా వాడరాదని తీర్పు చెప్పింది.

మన దగ్గర అలా కాదు. 1973లో పూరన్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు, సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం చెల్లుతుందని అంది. అంటే తర్వాత కోర్టులో గెలుస్తాం లెమ్మనుకోవడానికి వీల్లేదు. మనకున్న అడ్డుకట్టలు రెండే: వారెంటు మీద సంతకం పెట్టే మేజిస్ట్రేటు బల్ల, మన గుమ్మం.

గుమ్మం దగ్గర పెనుగులాట వద్దు. అడగండి, రాసుకోండి. వారెంటు ఉందా, ఏ కోర్టుది, ఎవరి పేరు, ఏ చిరునామా? లేకపోతే ఏ కేసు, కారణాలు రాశారా? సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్ళు ఉండవచ్చు. ఆ ప్రాంతం వాళ్ళు ఇద్దరు సాక్షులుండాలి. తీసుకున్న వస్తువుల జాబితా నకలు ఇవ్వాలి. కొత్త సంహిత 105వ సెక్షను ప్రకారం మొత్తం సోదాని, జాబితా తయారీతో సహా, వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. "వీడియో తీస్తున్నారా అండీ?" అన్న ప్రశ్న ఇప్పుడు మన హక్కు. మర్నాడే కారణాల నకలు కోసం మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టండి. మీ సంఘంలో ఆ దరఖాస్తు నమూనా తెలుగులో తయారుగా ఉంచండి.

సంఘాలుగా మేజిస్ట్రేట్లను మనం కోరవలసినవి మూడు. స్త్రీ కోసం వారెంటు అడిగినప్పుడు ఆమె వయసు, నిర్బంధానికి ఆధారం పరిశీలించి, కారణాలు రెండు వాక్యాలైనా ఉత్తర్వులో రాయాలి. వెళ్ళే బృందంలో మహిళా అధికారి ఉండాలి, తలుపు తెరిచాక ముందు "ఇక్కడ ఇష్టంతోనే ఉన్నావా?" అని ఆమెనే అడగాలి, ఆ జవాబు రాయాలి. కోర్టుకి తెచ్చినప్పుడు భర్త, తండ్రి, పోలీసు లేకుండా ఆమెతో మాట్లాడాలి, "ఎవరితో వెళతావు?" అని కాక "ఎక్కడికి వెళతావు?" అని అడగాలి.

ఈ రెండు ప్రశ్నలకీ మధ్య తేడా ఒక్క మాటే. మొదటి ప్రశ్నలో స్త్రీ ఒకరికి చెందినది. రెండో ప్రశ్నలో ఆమె ఒక మనిషి. వారెంటు మీద సంతకం పెట్టే చేతికి ఈ తేడా తెలిసేదాకా మనం కోర్టు మెట్ల మీద కూర్చోవలసిందే, అడగవలసిందే.